పదకొండో కార్డు

ఏడూ పదికి దొర చెప్పులేసుకుని వీధి తలుపు ముందు నిలబడ్డాడు. చెయ్యి కాలిన దగ్గర్నుంచి ఇలా నిలబడటం ఇది నాలుగోసారి.

తలుపుకు లోపలి నుంచి తాళం వేసి ఉంది. తాళంచెవి అమ్మ గుప్పిట్లో ఉంది. వాడి నీలం యూనిఫాం, మెడలో వేసుకునే గుర్తింపు కార్డు బీరువాలో పెట్టి ఆవిడ దానికీ తాళం వేసింది. అయినా దొర వెనక్కి తగ్గలేదు. ఉన్నవాటిలో నీలానికి కాస్త దగ్గరగా ఉన్న చొక్కా వెతుక్కుని, ఎడమచేత్తో గుండీలు పెట్టుకుని వచ్చాడు. ఒక గుండీ తప్పడంతో చొక్కా ఓ పక్కకి లేచింది. కుడిచేతికి వేళ్ళ చివర్ల నుంచి మణికట్టు దాకా కట్టు ఉంది.

ఇరవయ్యారేళ్ళవాణ్ణి ఇంట్లో అందరూ దొర అనే పిలుస్తారు. చొక్కా నలిగితే గుమ్మం దాటడని చిన్నప్పుడు అక్క పెట్టిన పేరు అది. మాట నెమ్మదిగా వస్తుంది. చదువు మూడో తరగతి పుస్తకం దగ్గర ఆగిపోయింది. కానీ చూపించిన పని చూపించినట్టు చేస్తాడు. ఒక మెట్టు ఎక్కువ చెయ్యడు, ఒక మెట్టు తక్కువ చెయ్యడు. ఆ గుణం చూసే లాండ్రీలో ఉద్యోగం ఇచ్చారు. ఆ గుణమే వాడి చెయ్యి కాల్చింది.

"బస్సు వెళ్ళిపోతుంది," అన్నాడు తలుపుతో.

అమ్మ వంటింటి గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూతురికేసి చూస్తోంది. ఆవిడ కూతురితో మాటలు మానేసి నాలుగు రోజులైంది. మానేసిందంటే నోరు మూసుకుందని కాదు. అనవలసిందంతా గిన్నెలతోనూ గోడతోనూ అంటోంది, అక్క చెవిన పడేటంత గట్టిగా.

అక్క టేబుల్ దగ్గర కూర్చుని ఉంది. ముందు టీ చల్లారిపోయింది. పక్కన లాండ్రీ వాళ్ళు పంపిన కాగితం ఉంది. పదకొండు గంటలకి అక్కడికి వెళ్ళి దానిమీద సంతకం పెట్టాలి. దొర కూడా రావాలి, వాడి ఎడమ బొటనవేలి ముద్ర కావాలిట. ఒక్క గంట వాణ్ణి తీసుకెళ్ళి తెస్తానని అక్క మెల్లగా అంది.

అమ్మ కుర్చీలోంచి లేచింది. ఈసారి గోడకేసి తిరగలేదు.

"పక్కనే ఉంటానన్నావు. నేను పంపనని మొండికేస్తే నా చేతులు పట్టుకుని అన్నావు, వాడి పక్కనే ఉంటానమ్మా అని. చెయ్యి కాలుతుంటే నువ్వెక్కడున్నావే?"

అక్క ఆ పూట ఒక బేకరీలో ఉంది, ఇంకో ఇద్దరికి పని అడుగుతూ. ఆ సంగతి దాచలేదు. మొదట వాడికి చెయ్యి అందేంత దూరంలో నిలబడాలనీ, తర్వాత గోడ దగ్గరికి, ఆ తర్వాత తలుపు బయటికి జరగాలనీ, చివరికి వారానికోసారి వెళ్ళి చూసి రావాలనీ, అలా దూరం కాకపోతే వాడెప్పటికీ తన కాళ్ళమీద తాను నిలబడలేడనీ చెప్పింది. పదిసార్లు చెప్పిన మాటలే. ఇవాళ మాత్రం అవి చెబుతూ ఉండగానే తేలిపోయాయి.

"అయితే తప్పుకోవడం కూడా ఒక ఉద్యోగమేనన్నమాట," అంది అమ్మ.

బస్సు వచ్చి ఆగిన చప్పుడు, కదిలిన చప్పుడు లోపలికి వినిపించాయి. దొర తల ఒకసారి బస్సు వెళ్ళినవైపు తిరిగింది. కాళ్ళు మాత్రం కదల్లేదు.

అమ్మ గొంతు తగ్గించింది. ఆవిడ గొంతు తగ్గిస్తే అక్కకి భయం, చిన్నప్పట్నుంచీ.

"ఒక్కటి చెప్పు. ఈ టేబుల్ మీదే కదా దుప్పటి పరిచి నేర్పించావు, నేనూ చూశాను. ఆపు అని చెప్పే అరచెయ్యి బొమ్మ కార్డు ఉండేది. మాటిమాటికీ అదెత్తి చూపించేవాడు. నేను టేబుల్ తుడవబోతే నాకూ చూపించాడు. అలాంటివాడు ఆ రోజెందుకు చూపించలేదు?"

"కంగారుపడి ఉంటాడమ్మా," అంది అక్క.

అమ్మకి ఆ అబద్ధం సగం అతికింది, సగం అతకలేదు. వంటింట్లోకి వెళ్ళింది.

నిజం ఏమిటో ప్రపంచంలో ఇద్దరికే తెలుసు. ఒకరు అక్క, రెండోవారు లాండ్రీ సూపర్వైజరు.

అక్క పదకొండేళ్ళు ప్రత్యేక బడిలో టీచరు. పద్దెనిమిదేళ్ళు నిండిన పిల్లలకి పూలగుత్తి ఇచ్చి, ఫోటో తీసి, ఇంటికి పంపేవాళ్ళు. ఆ పిల్లలు ఆ తర్వాత ఏమయ్యారని ఆమె ఒక ఏడాది సెలవుల్లో ఇల్లిల్లూ తిరిగింది. అందరూ కిటికీల దగ్గర కూర్చుని ఉన్నారు. ఆ కోపంతోనే బడి ఉద్యోగం మానేసి, ఇంటి ముందుగదికి 'పనికి తోడు' అని బోర్డు పెట్టింది. ఆరు నెలలు చెప్పులరిగేలా తిరిగితే ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీ ఒకటి సరేనంది. ముగ్గురికి పని దొరికింది: దొరకి, టైలరుగారి అమ్మాయికి, ఎడమ కాలూ చెయ్యీ సరిగా పనిచెయ్యని ఒక పెద్దాయనకి. మొదట ఆ పనంతా అక్క తాను నేర్చుకుంది. దాన్ని మెట్లుగా విడగొట్టి, ప్రతి మెట్టుకీ ఫోటో తీసి, కార్డులు చేసి, ఒక రింగుకి గుచ్చి దొర నడుముకి తగిలించింది.

పదకొండు కార్డులు. దుప్పటి అందుకో, అంచు వెతుకు, పరుచు, ముడతని అరచేత్తో సర్దు, ఇస్త్రీ రోలరుకి అందించు, ఇలా పది. పదకొండోది ఎర్ర అంచున్న అరచెయ్యి బొమ్మ. ఏం తేడాగా కనిపించినా అది ఎత్తి చూపించాలి, పక్కవాళ్ళు ఎర్ర కడ్డీ నొక్కి మిషన్ ఆపుతారు.

దొర మొదటి రోజు నలభైసార్లు ఎత్తాడు. దారప్పోగు కనిపిస్తే ఎత్తాడు, మరక కనిపిస్తే ఎత్తాడు, దుప్పటి మీద ఈగ వాలితే ఎత్తాడు. వారం దాటినా తగ్గలేదు. వరసలో పనిచేసే ఆడవాళ్ళు ముందు నవ్వారు, తర్వాత విసుక్కున్నారు. సూపర్వైజరు అక్కని పక్కకి పిలిచి, ఇలాగైతే పైవాళ్ళు వీణ్ణి ఉంచరు టీచరుగారూ, ఆ చెయ్యి బొమ్మ కొన్నాళ్ళు తీసేసి చూడండి అంది. బెదిరింపుగా కాదు, మంచికే అంది.

అక్క తీసేసింది. పదిహేను రోజులపాటే అనుకుంది. మర్నాటి నుంచి దొర ఒక్కసారి కూడా ఆపలేదు. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎనిమిది వారాలు సాయం లేకుండా పనిచేశాడని అక్క నివేదికలో గర్వంగా రాసుకుంది. ఆ గర్వంలో కార్డు తిరిగి పెట్టాలన్న మాటే మరిచిపోయింది. నాలుగు రోజుల కిందట ఒక దిండు గలీబు రోలరుకి అంటుకుని ముడతపడింది. ముడతపడితే ఏం చెయ్యాలో దొర కార్డుల్లో ఒకటే ఉంది. అరచేత్తో సర్దాడు. వేడి రోలరు మీద సర్దాడు. కాలుతున్నా సర్దుతూనే ఉన్నాడు, ఆపమని చెప్పే కార్డు లేదు గనక.

ఇది ఎవరికైనా చెప్పుకుంటే బాగుండునని అక్కకి ఉంది. చెప్పుకోవలసిన మనిషి వంటింట్లో గిన్నెలు గట్టిగా పెడుతోంది.

తొమ్మిదింటికి టైలరుగారు వచ్చాడు. ఆయన ఎప్పుడూ మెడలో టేపుతోనే తిరుగుతాడు, ఇవాళా తీసి రావడం మరిచిపోయాడు. తలుపు తీయించుకుని, దొర భుజం తట్టి, కుర్చీ అంచున కూర్చున్నాడు. చెయ్యి ఎలా ఉందని రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడగబోయి ఆగాడు.

ఆ రోజు ఎర్ర కడ్డీ నొక్కింది ఆయన కూతురే. ఆ అమ్మాయికి పుట్టుక నుంచీ వినపడదు. పక్కవాళ్ళంతా మాటల్లో ఉంటే, కళ్ళతో వినే ఆ పిల్ల ఒక్కతే చూసింది. ఆమె చూడకపోతే దొరకి ఆ చెయ్యే మిగిలేది కాదు.

"కాగితం సంగతి లాండ్రీలో తెలిసింది టీచరుగారూ," అన్నాడు ఆయన ఎట్టకేలకి. "మీరు సంతకం పెట్టకపోతే ముగ్గుర్నీ తీసేస్తారట. తప్పెవరిదో నాకొద్దు. నేనడగను. మా పిల్ల ఇరవై రెండేళ్ళు అందరూ తిన్నాక వంటింట్లో ఒక్కతే తినేది. మేం వద్దనలేదు, దానికే అలా అలవాటైపోయింది. ఇప్పుడు పని నుంచి వచ్చి మాతోపాటు కూర్చుంటోంది. ఈ రోజు ఏం జరిగిందో చేతులతో చెబుతోంది. మేం ముద్ద నోట్లో పెట్టుకోవడం మానేసి చూస్తుంటాం."

ఆయన వెళ్ళేటప్పుడు అక్క గేటు దాకా వెళ్ళి, పెడతానండీ, బెంగపెట్టుకోకండి అంది. ఆ మాట అన్నాక ఆమెకి కాస్త తేలిగ్గా కూడా అనిపించింది. తనకి తేలిగ్గా అనిపించినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

పదిన్నరకి అమ్మ బీరువా తెరిచి యూనిఫాం తీసింది. తానూ వస్తానంది. ఎందుకని అడిగితే, వాడి వేలిముద్ర ఎవరు ఎక్కడ వేయిస్తారో చూడ్డానికి అంది. దొర యూనిఫాం తొడుక్కుని అద్దంలో చూసుకుని, అమ్మ బుగ్గమీద ముద్దుపెట్టాడు. పనికి పంపుతోందనుకున్నాడు పాపం.

లాండ్రీలో ఎప్పట్లాగే ఆవిరి. ఒక పక్క మాసిన దుప్పట్ల గుట్టలు, ఒక పక్క పిండే మిషన్ల హోరు, మధ్యలో రెండు బారల పొడుగున ఇస్త్రీ రోలరు. మేనేజరు గది మేడమీద ఉంది. దానికి గోడంత అద్దం, కూర్చున్నచోటు నుంచే కింద ఎవరు ఏం చేస్తున్నారో కనిపిస్తుంది.

మేనేజరు మంచి మనిషే. చెడ్డవాడైతే అక్కకి ఇంత కష్టం ఉండేది కాదు. లేచి అమ్మకి కుర్చీ లాగి వేశాడు. దొరకి నీళ్ళిచ్చాడు. సాయంత్రం తనిఖీ అధికారి వస్తాడనీ, అంతలోగా కాగితం సిద్ధంగా ఉండాలనీ, ఇది ఎవరినీ శిక్షించడానికి కాదనీ చెప్పాడు. తర్వాత చదివి వినిపించాడు. కార్డుల్లో ఆపమనే కార్డు ఉండగా, నేర్పిన పద్ధతి తప్పి, కార్మికుడు తానే చెయ్యి పెట్టాడు. అంతే, మూడు లైన్లు. దీని నకలు ఒకటి దొర పేరుమీద ఉద్యోగాల ఆఫీసులో ఉంటుంది. ఇక వాడు మిషన్ పనికి పనికిరాడు. మిగతా ఇద్దరూ ఎప్పట్లాగే వస్తారు, వచ్చే నెల ఇంకో నలుగుర్ని కూడా తీసుకుంటాం అన్నాడు.

అక్క పెన్ను తీసుకుంది. కింద రోలరు దగ్గర టైలరుగారి అమ్మాయి దుప్పటి అంచులు కలుపుతోంది. ఒక్క సంతకం, ఒక్క వేలిముద్ర. దొరకి ఇలాంటి కాగితాలు చదవడం రాదు, తనమీద ఏం రాశారో వాడికి ఎప్పటికీ తెలియదు. ఆమె తనకి తాను అలా సర్దిచెప్పుకుంది.

"ఏం బాబూ, ఆ రోజు ఏం జరిగింది?" అని మేనేజరు దొరని ఆప్యాయంగానే అడిగాడు.

దొర లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ పక్కలకి దించాడు, కట్టున్న చెయ్యి కూడా. తల కొంచెం వంచాడు.

"తప్పు నాదేనండి. ఇంకెప్పుడూ చెయ్యనండి."

ఒక్క అక్షరం తడబడకుండా అన్నాడు. మేనేజరు తల ఊపాడు. అమ్మ మాత్రం కుర్చీలో ముందుకి వంగింది. ఇరవయ్యారేళ్ళలో వాడు ఆ మాట అనగా ఆవిడ వినలేదు. గ్లాసు పగిలితే 'గ్లాసు పగిలింది' అంటాడు, అంతే. తప్పు ఒకరిదవుతుందనే సంగతే వాడి బుర్రలో లేదు.

"ఎవర్రా నీకిది నేర్పింది?" అంది అమ్మ.

"అక్క," అన్నాడు దొర. మెచ్చుకుంటారని అందరి ముఖాలూ చూశాడు.

నేర్పింది అక్కే. పనిలో చేరిన మూడోవారం, ఎవరు కోప్పడినా చేతులు దించి ఈ మాట అనాలని చెప్పి, ఇంటి హాల్లో తానే సూపర్వైజరులా అరిచి, వాడు తడబడకుండా అనేదాకా సాధన చేయించింది. నివేదికలో పని చోట మర్యాద అన్న గడిలో టిక్కు పెట్టింది. ఆ టిక్కు పెట్టిన చేతిలోనే ఇప్పుడు పెన్ను ఉంది. వాడు ఈ మాట ఇక్కడే కాదు, బతికినంతకాలం ఎవరు ఏ నేరం మోపినా ఇలాగే నిలబడి ఇలాగే అంటాడని ఆమెకి అప్పుడు తెలిసింది.

పెన్ను కింద పెట్టేసింది.

"ఆపమనే కార్డు వాడి దగ్గర లేదండీ. నేను తీసేశాను, ఎనిమిది వారాల కిందట. వాడు నేను నేర్పింది నేర్పినట్టే చేశాడు."

మేనేజరు కాగితం తన వైపుకి లాక్కుని, దాన్ని బోర్లించి పెట్టాడు. ఎందుకు తీశారని అడిగాడు. మాటిమాటికీ పని ఆగుతోందని తీశానంది. ఎవరైనా తీయమన్నారా అని అడిగాడు. అక్క అద్దంలోంచి కిందికి చూసింది. సూపర్వైజరు మెట్ల దగ్గర నిలబడి పైకే చూస్తోంది. ఆవిడ నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది.

"తీసింది నేను," అంది అక్క.

మేనేజరు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"మీరు నిజం చెప్పారు. సంతోషం. కానీ మీరు చూసుకుంటారన్న నమ్మకంతోనే ముగ్గుర్నీ తీసుకున్నాను. ఆ నమ్మకమే పోయాక మిగతా ఇద్దర్నీ మిషన్ల మధ్య ఎలా వదలను? రేపు వాళ్ళకేమైనా అయితే? ఇవాళ్టితో ఆపేద్దాం టీచరుగారూ."

అక్క బతిమాలింది. ఆ ఇద్దరి కార్డులూ పూర్తిగా ఉన్నాయంది, రేపట్నుంచి తానే రోజంతా పక్కన నిలబడతానంది, ఆ అమ్మాయే కదా చెయ్యి కాపాడిందీ అంది. ఆయన అన్నీ విన్నాడు. తనిఖీ అధికారికి తానేం చెప్పుకోవాలో చెప్పమన్నాడు.

అమ్మ లేచింది. దొర కాలరు సర్దింది. ఎడమచెయ్యి పట్టుకుని గుమ్మం దాకా నడిచి, అక్కడ ఆగింది.

"పొద్దున్న కంగారుపడ్డాడన్నావు నాతో," అంది, వెనక్కి తిరక్కుండానే. తర్వాత వాణ్ణి తీసుకుని వెళ్ళిపోయింది. నేను మిషన్ దగ్గరికి వెళ్ళాలి, అన్నం బెల్లు పన్నెండుకి, పన్నెండు కాలేదు ఇంకా అంటున్న వాడి గొంతు మెట్లన్నీ దిగేదాకా వినిపించింది.

అక్క కూడా లేవబోయింది. మేనేజరు కాస్త ఇబ్బందిగా కదిలాడు. పెద్దాయనకి తామే చెబుతామన్నాడు.

"ఆ అమ్మాయికి మాత్రం మీరే చెప్పి వెళ్ళండి. ఆ చేతుల భాష ఇక్కడ మాకెవరికీ రాదు."

అక్క మెట్లు దిగింది. ఆవిర్లోంచి నడుస్తుంటే వరసలో ఆడవాళ్ళు తలలు దించుకున్నారు, సూపర్వైజరు పక్కకి తప్పుకుంది. టైలరుగారి అమ్మాయి వీపు ఇటు పెట్టి ఉంది. మడిచిన దుప్పట్లు ఆమె పక్కన నడుమెత్తు పేర్చి ఉన్నాయి, అంచు మీద అంచు. ఎవరో భుజం తట్టి చూపించారు. ఆమె తిరిగింది.

అక్కని చూడగానే ఆ పిల్ల ముఖం విప్పారింది. నాలుగు రోజులుగా అడగడానికి ఆమెకి మనిషి దొరకలేదు. చేతిలో దుప్పటి గబగబా బల్లమీద పెట్టేసి, తన కుడి అరచెయ్యి చూపించింది, దొర ఎత్తు చూపించింది, నొప్పి తగ్గిందా అని అడిగింది. వాడు నిలబడే చోటు చూపించింది. ఆ చోట ఒక చిన్న స్టూలు అడ్డంగా పెట్టి ఉంది, ఇంకెవరూ నిలబడకుండా ఆమే పెట్టిందిట. రేపు వస్తాడా అని అడిగింది.

మేడమీద అద్దం వెనక మేనేజరు నిలబడి చూస్తున్నాడు. అక్క చేతులు పైకి తీసుకొచ్చింది. అవి సగం దాకా వచ్చి ఆగిపోయాయి. ఆ అమ్మాయి నవ్వు ముఖంతోనే, కళ్ళు ఆ చేతులమీద పెట్టి నిలబడింది.